కుట్టు గదిలో అడిగిన ప్రశ్న

మొన్న మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు వాళ్ళమ్మాయి పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చి, నేను పెట్టిన సున్నుండ కొరుకుతూ, తనూ చేసుకోబోయే అబ్బాయీ కలిసి వెళ్లి రక్తపరీక్షలన్నీ చేయించుకున్నామని, షుగరు మొదలు హెచ్ఐవీ దాకా ఏదీ వదల్లేదని, కూరగాయల బేరం చెప్పినంత తేలిగ్గా చెప్పింది. పక్కనే కూర్చున్న వాళ్ళమ్మ ఉలిక్కిపడలేదు సరికదా, రిపోర్టులు ఫోనుకే వచ్చేశాయండీ అని మురిసిపోయింది. విని నేను సంతోషించాలి, ఎందుకంటే ఉద్యోగంలో చివరి అయిదారేళ్లూ బడిపిల్లలకు నేను చెప్పిన పాఠం అదే. కానీ నిజం చెబుతున్నాను, నా కడుపు భగ్గుమంది. ఆ మంట ఆ పిల్ల మీద కాదు, ఏళ్లకేళ్లుగా ఆరకుండా ఉన్న పాత మంట, మా బడిలో పిల్లలకు కుట్లు నేర్పిన ఒక టీచరమ్మ మీద. ఈ వయసులో దాచుకుని ఏం మూటగట్టుకుంటాను, నా ఈడు వాళ్ళకైనా చెప్పుకుంటే కొంత బరువు దిగుతుందేమోనని రాస్తున్నాను.

మాది కృష్ణా జిల్లా. మావారి ఉద్యోగం వెంట హైదరాబాదు చేరి, ఎక్కడెక్కడో పనిచేసి, శంషాబాదు దాటి లోపలికి వెళ్లే ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకు జీవశాస్త్రం టీచరుగా వచ్చేనాటికి విమానాశ్రయం కొత్తగా తెరిచారు. మెహదీపట్నంలో బస్సెక్కి, ఆరాంఘర్‌లో మారి, శంషాబాదులో దిగి, అక్కణ్ణించి మోకాళ్లు గడ్డానికి తగిలేలా షేర్ ఆటోలో కూర్చుని వెళ్లేదాన్ని. విమానాలు బడి కప్పు మీదుగా ఎంత కిందికి వెళ్లేవంటే, అవి పోయేదాకా నోట్లో మాట నోట్లోనే ఆపుకుని నిలబడాల్సి వచ్చేది. కొన్నాళ్ళకు పిల్లలకూ అలవాటైపోయి, ఎక్కాలు చదివే ఆరో తరగతి ఏడెనిమిదులు అని ఆగి, చప్పుడు సద్దుమణిగాక యాభైయారు అని అందుకునేది. ఆ పిల్లల తండ్రుల్లో చాలామంది పొలాలు ఆ విమానాశ్రయం కిందే పోయాయి. ఒకాయన తన పొలం పోయినచోటనే పచ్చగడ్డి కత్తిరించే పనిలో చేరాడు. నేను చెప్పబోయే అమ్మాయి ఆయన చిన్నకూతురే.

నేను చేరిన మరుసటి సంవత్సరం తొమ్మిది, పది తరగతుల పిల్లలకు జీవన నైపుణ్యాలు నేర్పాలని, దాంతోపాటు ఎయిడ్స్ గురించి చెప్పాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. బడికొక టీచరును పంపమంటే మా హెడ్మాస్టరుగారు సైన్సు టీచరని నన్నే పంపారు. మూడు రోజుల శిక్షణ. తలలు నెరిసిన టీచర్లమంతా జంటలుగా నిలబడి, ఒకరు బలవంతపెడితే ఇంకొకరు కళ్లలోకి చూస్తూ కాదు, నాకిష్టం లేదు అని చెప్పడం సాధన చేశాం. నాకు జంటగా దొరికిన లెక్కల మాస్టారు సిగ్గుతో నేల చూస్తూనే మూడు రోజులూ గడిపేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక పుస్తకం, ఒక సర్టిఫికెట్టు, బొమ్మల పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూపించే పెద్ద ఫ్లిప్‌చార్టు ఇచ్చారు. సర్టిఫికెట్టుకు ప్లాస్టిక్ పొర వేయించి లాబొరేటరీ గోడకు తగిలించాను. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నాకంటూ ప్రత్యేకంగా ఇచ్చిన పని అదొక్కటే, దాని మీద నాకు ఎంత మమకారమో మాటల్లో చెప్పలేను.

పాఠం నా పద్ధతిలో నేను చెప్పాను. పది జీవన నైపుణ్యాలు బోర్డు మీద రాసి, కాపీల్లో ఎక్కించి, కంఠతా పట్టించాను. వ్యాధి వచ్చే దారులు నాలుగు, రాని దారులు ఎనిమిది, ఎవరిని లేపి అడిగినా గడగడా అప్పజెప్పేవాళ్లు. చివర్లో సందేహాలున్నాయా అని అడిగితే లేవు టీచర్ అని ఒక్క గొంతుతో అనేవాళ్లు. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారి మెచ్చుకుని వెళ్లాడు. ఒక్క సందేహమూ లేకపోవడం నా బోధన గొప్పతనమనే అనుకున్నాను, అంత తెలివి నాది.

లాబొరేటరీని ఆనుకునే కుట్టు గది. మధ్య గోడ కప్పు దాకా లేదు, నిలువెత్తు లేపి వదిలేశారు. అక్కడ పాఠం చెప్పే కుట్టు టీచరమ్మ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది, శంషాబాదులోనే పుట్టి పెరిగిన క్రైస్తవ కుటుంబం, కాంట్రాక్టు ఉద్యోగం. చదువు పదో తరగతి, ఆపైన కుట్టు డిప్లొమా. నాకిచ్చిన శిక్షణలో ఒక్క గంట కూడా ఆమెకు లేదు. వారానికి రెండు పీరియడ్లు ఆడపిల్లల్ని నేల మీద చాప పరిచి కూర్చోబెట్టి, హుక్కులు కుట్టడం, కాజాలు కుట్టడం నేర్పేది. అందరి తలలూ వంగి ఉండేవి, అందరి కళ్లూ సూది మీద ఉండేవి, ఎవరి ముఖం ఎవరూ చూసుకోరు. ఆ వంచిన తలల్లోంచే మాటలు వచ్చేవి. గోడకు ఇవతల ప్రాక్టికల్ రికార్డులు దిద్దుకుంటూ నేను వినేదాన్ని. నెలసరి గురించి, బస్సులో మీద పడే మగవాళ్ల గురించి, ఫోన్ నంబరు అడిగే ఇంటరు కుర్రాడి గురించి, నా పుస్తకంలో పేజీలకు పేజీలు ఉన్న సంగతులే, నన్ను ఒక్కరంటే ఒక్కరు అడగని సంగతులే, అక్కడ సూదిలో దారం ఎక్కించుకుంటూ అడిగేవాళ్లు. ఆమె కూడా కుట్టు మీంచి తల ఎత్తకుండానే జవాబు చెప్పేది. మధ్యమధ్య అందరూ పకపకా నవ్వేవాళ్లు. నా క్లాసులో నవ్వు వినపడితే బెత్తం తీసేదాన్ని.

ఆమెను పిల్లలు టీచర్ అని కాదు, అక్కా అని పిలిచేవాళ్లు. అది క్రమశిక్షణ కాదని హెడ్మాస్టరుగారికి చెప్పాను, ఆయన పట్టించుకోలేదు. నా భాష ఒకటి అడ్డమని కూడా తెలుసు. మీరు టీవీల వార్తలు చదివినట్టే మాట్లాడుతరు టీచర్ అని ఒక పిల్ల మెచ్చుకోలుగానే అంది, రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆమె తన టిఫిన్ డబ్బా మూత తీసి నా ముందుకు జరిపితే, నాకు నూనె పడదని అబద్ధం చెప్పేదాన్ని. ఓర్వలేనితనం అన్నం దగ్గర కూడా ఊరుకోదు.

ఆ ఏడు చలికాలంలో ఒక సోమవారం, పదో తరగతి ఆడపిల్లల కుట్టు పీరియడు. గోడ అవతల ఆ గడ్డి కత్తిరించే ఆయన చిన్నకూతురు గొంతు. నా క్లాసులో పది నైపుణ్యాలు ఊపిరి తీసుకోకుండా చెప్పే పిల్ల, నేను ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టిన పిల్ల. మెల్లగా అడుగుతోంది.

"అక్కా, మా అక్కకు లగ్గం ఖాయం చేసిన్రు. చేసుకునేటాయిన లారీ నడుపుతడు. టీచర్ చూపెట్టిన బొమ్మల లారీ ఉన్నది. మా అక్కకు గిట్ల వస్తదా ఆ బీమారి?"

నిజమే, నా ఫ్లిప్‌చార్టులో అయిదో పేజీలో లారీ బొమ్మ ఉంది. దాన్ని చూపించి ఇలాంటివాళ్లకు ప్రమాదం ఎక్కువ అని చెప్పి, పేజీ తిప్పేసి ముందుకు పోయాను. లారీ తోలేవాళ్లంతా రోగిష్టులు కారని, లారీ ముట్టనివాళ్లకూ రావచ్చని, ఆ ఒక్క ముక్క చెప్పాలని తోచనేలేదు. ఆ పిల్ల అప్పణ్ణించి ఎన్ని రోజులు గుండెలు బిగబట్టుకుని తిరిగిందో. ఇప్పుడు ఇదంతా తెలుస్తోంది గానీ ఆ నిమిషాన నాకు తట్టింది ఒక్కటే. బొమ్మ నాది, పాఠం నాది, భయం నా పాఠంలోంచి పుట్టింది, అడగడం మాత్రం కుట్టు టీచరమ్మనా? ఆమె ఏం జవాబు చెప్పిందో వినే ఓపిక కూడా లేక, రికార్డులు టేబుల్ మీద పడేసి బయటికి వచ్చేశాను.

ఆ వారమంతా ఆ పిల్లకు నేనిచ్చిన అవకాశాలు అన్నీ ఇన్నీ కావు. క్లాసు అయ్యాక చాక్‌పీసులు తెమ్మని పిలిచాను, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాను, ఏదైనా చెప్పాలనుందా అని కూడా అడిగాను. ఏం లేదు టీచర్ అని తల వంచుకుని వెళ్లిపోయింది. శనివారానికి నా పంతం పెరిగి పెద్దదైంది. కుట్టు టీచరమ్మ ఏదో చేసేలోగా నేనే చేయాలి, శిక్షణ పొందినదాన్ని నేను కదా, ఆ తల్లిదండ్రులకు శాస్త్రీయంగా నచ్చజెప్పి పెళ్లికొడుక్కి పరీక్ష చేయించమంటాను, రేపు ఆ పిల్ల నా దగ్గరికే వచ్చి కళ్ల నీళ్లు పెట్టుకుని దండం పెడుతుంది, ఇదీ నా లెక్క. ఆదివారం పూట, మావారు వద్దంటున్నా, ఫ్లిప్‌చార్టు సంచీలో పెట్టుకుని రెండు బస్సులు మారి ఆ ఊరు వెళ్లాను.

ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. అప్పుడైనా వెనక్కి తిరగవలసింది. పెళ్లి తేదీ పెట్టుకోవడానికి మగపిల్లవాడి తరపువాళ్లు వచ్చిన రోజది. ఆ తల్లి నన్ను చూసి, బిడ్డ చదివే బళ్లో టీచరు శుభకార్యానికి తనంతట తానే వచ్చిందని పొంగిపోయి, ఉన్న ఒక్క కుర్చీలో ఉన్నాయన్ని లేపి నన్ను కూర్చోబెట్టింది, చాయ తెచ్చింది. మగపెళ్లివారు కూడా లేచి నమస్కారం పెట్టారు. నాకు భయం కలగలేదు, పైగా రెండు పక్షాలూ ఒక్కచోటే దొరికాయి, ఇంకా మంచిదేగా అనుకున్నాను. నా గొప్పతనం ఇంకా చెప్పాలి, మంచం మీద పెట్టిన తాంబూలాల పళ్లెం కాస్త పక్కకు జరిపి, ఫ్లిప్‌చార్టు తెరిచి గోడకు ఆనించి నిలబెట్టాను. ఎవరో ముసలమ్మ పోలియో చుక్కల మనిషినేమో అనుకుని పసివాణ్ణి ఎత్తుకుని ముందుకు వచ్చింది.

ఒకటో పేజీ నుంచి మొదలుపెట్టాను. అయిదో పేజీకి వచ్చాను. లారీ బొమ్మ. అందరూ ఆ బొమ్మనూ, పెళ్లికొడుకునూ మార్చి మార్చి చూశారు. పెళ్లికొడుకు మేనమామ లేచి నిలబడ్డాడు.

"మా పిలగానికి రోగమున్నదని చెప్పనీకె పంతులమ్మను పిలిపిచ్చిన్రా?"

పెళ్లికొడుకు జర ఆగు మామా, నేను చెప్త అని లేవబోయాడు, పక్కనున్న అతని చెల్లెలు కూడా ఏదో చెప్పబోయింది, ఎవరూ వినిపించుకోలేదు. వండిన అన్నం ముట్టకుండా, తేదీ పెట్టుకోకుండా లేచి వెళ్లిపోయారు. వంటింటి గుమ్మం దగ్గర పెళ్లికూతురు, ఆమె వెనకాల నా విద్యార్థిని. ఆ పిల్ల నన్ను తేరిపార చూసింది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడమని క్లాసులో ఎంత చెప్పినా చూడనిది, ఆ రోజు చూసింది.

వారం తిరగకుండానే మాట తిరగబడింది. ఏం లేకపోతే పంతులమ్మ ఎందుకొస్తుంది, రోగం పిల్లగాడికి కాదట, ఆ పెద్దబిడ్డకేనట అని ఊళ్లో పుకారు. సంబంధం తప్పిపోయింది. ఆ తండ్రి బడికొచ్చి హెడ్మాస్టరుగారి బల్ల ముందు నిలబడి, అరవలేదు, ఏడ్చాడు. ఈ మాటలు బళ్లో ఎక్కడ మొదలయ్యాయని హెడ్మాస్టరుగారు నన్ను అడిగారు. నేను అబద్ధం చెప్పలేదు. ఆ అమ్మాయి కుట్టు పీరియడులో అడుగుతుంటే విన్నాను సార్ అన్నాను. చెప్పింది నిజమే, చెప్పిన బుద్ధి మాత్రం మంచిది కాదు. ఎవరి కొంప ముంచడానికి ఆ నిజం చెబుతున్నానో నాకు బాగా తెలుసు. ఆ ఏడు పరీక్షలు అయ్యాక కుట్టు టీచరమ్మ కాంట్రాక్టు పొడిగించలేదు.

వెళ్లేముందు ఆమె లాబొరేటరీకి వచ్చింది. కడిగేస్తుందని అనుకుని నేను కొంగు నడుముకు చుట్టుకున్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, ఎప్పటిలాగే కిందికి చూస్తూ చెప్పింది.

"పిలగాని చెల్లె నా దగ్గర్నే జాకెట్లు కుట్టిచ్చుకుంటది టీచర్. నేను ఆమెతోని మాట్లాడితె, ఆమె అన్నతోని మాట్లాడింది. లారీ ముచ్చట కాదు, లగ్గం చేసుకునేటోళ్లు ఎవరైనా ఇద్దరు చూయించుకుంటె మంచిదని చెప్పిన. ఒప్పుకున్నరు. మీరు పోయిన తెల్లారి సోమవారం పొద్దుగాల పిల్ల, పిలగాడు కలిసి దవాఖానకు పోతుండ్రి. ఒక్క దినం ఆగినా అయిపోతుండె."

లేచి స్టూలు బల్ల కిందికి నెట్టి వెళ్లిపోయింది. మేనమామను ఆపబోయిన ఆ కుర్రాడు ఏం చెప్పబోయాడో అప్పటికి గానీ నాకు తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయానని రాయాలి. సిగ్గుపడ్డాను, కానీ దాని కింద ఇంకా మంటే. మూడు రోజుల శిక్షణ, పుస్తకం, సర్టిఫికెట్టు ఉన్న నాకు తోచని ఉపాయం, జాకెట్టు కొలతలు తీసుకుంటూ ఆమెకెలా తోచింది అని.

కుట్టు పీరియడు నాకే ఇచ్చారు. నేను కోరుకున్నదే కదా. మిషను మీద దుప్పటి కప్పి, ఆ గదిలోనే ఆడపిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. సందేహాలున్నాయా అంటే లేవు టీచర్ అనేవాళ్లు. వచ్చిన ఏడూ అంతే, మరుసటి ఏడూ అంతే. ఒకసారి చాప పరిపించి, సూదీ దారం తెప్పించి కూడా చూశాను, నాకు సిగ్గులేదు. పిల్లలు కాజాలు కుట్టారు, నోరు మెదపలేదు.

ఆ పెద్దమ్మాయికి ఏడాది పైన ఎవరూ సంబంధం చెప్పలేదు. తరువాత షాద్‌నగర్ అవతల ఫ్యాక్టరీలో పనిచేసే అబ్బాయికిచ్చి హడావుడిగా పెళ్లి చేశారు. ఆ పెళ్లికి ముందు పరీక్ష అనే మాట ఎత్తే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంటుంది? ఆ నోళ్లు నేను మూయించాను. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు, నిక్షేపంలాంటి ఆరోగ్యమే కావచ్చు, కానీ ఒకళ్లనొకళ్లు అడుక్కుని, కలిసి వెళ్లి, తెలుసుకుని చేసుకోవలసిన పెళ్లి, కళ్లు మూసుకుని చేసుకోవలసి వచ్చింది. మరుసటి ఏడు మధ్యాహ్న భోజనం వండే ఆమె మాటల్లో, ఆ అమ్మాయికి మూడో నెలని, కాన్పుకు పుట్టింటికి వస్తుందని తెలిసింది. గర్భిణులకు సర్కారు దవాఖానలో ఆ పరీక్ష తప్పకుండా చేస్తారు. అంటే ఈసరికి ఫలితం తెలిసే ఉంటుంది. తెలిసింది ఏమిటి?

ఎవరినడగను? పది రోజులు ఆగి, ఒక జాకెట్టు గుడ్డ పట్టుకుని, శంషాబాదు బజారులో కుట్టు టీచరమ్మ పెట్టుకున్న దుకాణానికి వెళ్లాను. లోపల రెండో మిషను ముందు నా విద్యార్థిని కూర్చుని ఉంది, కాలేజీ అయ్యాక సాయంత్రాలు వచ్చి కుడుతుందట. నన్ను చూసి నమస్తే టీచర్ అని, కత్తిరించిన గుడ్డలు సర్దుకుని వెనక గదిలోకి వెళ్లిపోయింది. దుకాణంలో మేమిద్దరమే మిగిలాం. నేను అడిగాను. బతిమాలుతున్నట్టే అడిగాను, ఆ అమ్మాయి బాగుందా, పరీక్షలో ఏమొచ్చింది, ఒక్క మాట చెప్పు తల్లీ, నాకు నిద్ర పట్టడం లేదు అని.

ఆమె టేపు నా భుజం మీద పెట్టి కొలత చూస్తోంది. అప్పుడు తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

"అది ఆ బిడ్డ ముచ్చట టీచర్. ఎవరి పరీక్ష వాళ్లదే, వాళ్లు చెప్తేనే చెప్పాలె. మీ పుస్తకంల గూడ గట్లనే ఉన్నదట కద, పిల్లలు చెప్పిన్రు."

ఉంది. గోప్యత అని శీర్షిక, కింద ఆరు వాక్యాలు, నేనే కంఠతా పట్టించాను. ఆమె ముఖంలో ఏదైనా కనపడుతుందేమోనని వెతికాను. సంతోషం లేదు, దుఃఖం లేదు, ఏమీ లేదు. ఆమె టేపు చుట్టి, వచ్చే గురువారం రమ్మంది. జాకెట్టు ఎంత బాగా కుదిరిందో చెప్పాలంటే ఇప్పటికీ నాకు మనసొప్పదు.

రెండు వేల పద్నాలుగులో, కొత్త రాష్ట్రం వచ్చిన నెలలోనే నేను పదవీ విరమణ చేశాను. శాలువా కప్పారు, పది నైపుణ్యాలూ నేర్పిన మహానుభావురాలని ఒక పిల్లవాడు కాగితం చూసి చదివాడు. ఆ బడికి ఇప్పుడు రంగులు వేశారట, కుట్టు గదిలో కంప్యూటర్లు పెట్టారట, ఆటో దిగి నేను నడిచిన దారంతా వెంచర్లేనట. ఈ కాలం పిల్లలకు నేనూ అక్కర్లేదు, ఆమే అక్కర్లేదు, ఏ అనుమానం వచ్చినా ఫోనునే అడుగుతారు. దానికి నేను చిన్నబోవడం లేదు, మా రోజుల్లో పిల్లలు ఎంత సిగ్గుతో, ఎంత భయంతో ఎవరో ఒక్కరిని నమ్మి నోరు తెరిచేవాళ్లో తలచుకుంటే మాత్రం మనసు అదోలా అవుతుంది. ఆ నమ్మకం సంపాదించుకున్న మనిషి చెంతనే ఉండి, గోడకు ఇవతల కూర్చుని, దాన్ని నేను చెడగొట్టాను. ఆ పెద్దమ్మాయి ఎక్కడుందో, ఎలా ఉందో, ఆమె బిడ్డ బడికి వెళుతోందో లేదో, కుట్టు టీచరమ్మకు తెలుసు. నాకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు. ఇంత వయసొచ్చాక కూడా, దానికి కూడా ఆమెను చూస్తే నాకు అసూయే.